మూడో వరసలో తేమ

ఆర్మూర్‌లో రైతుల సంఘం పెట్టిన పసుపు పరీక్ష గదిలో నందిని కొలువులో చేరి నాలుగు రోజులే. నడక మాత్రం నలభై ఏళ్ల అనుభవం ఉన్నట్టుంటుంది.

ఆ ఉదయం ఒక షెడ్డులోని నాలుగు కుప్పల తేమ తను చూసింది, రెండో షెడ్డులోని నాలుగు తోటి ఉద్యోగి మెహ్రాజ్ చూశాడు. ఒక్కో కుప్పకు పైన, నడుమ, అడుగున, మూడు చోట్ల. ఒక్కచోట తేమ మించినా ఆ కుప్ప ఆ రోజు వేలానికి పోదు. రెండు పట్టికలనూ కంప్యూటర్లో ఒకదాని కింద ఒకటి చేర్చి జాబితా అంటించాలి. నందిని చదరపు బ్రాకెట్లో రెండు పట్టికల పేర్లూ రాసి నడుమ సెమికోలన్ పెట్టింది. పట్టికల కొలతలు కలవట్లేదని కంప్యూటర్ మొండికేసింది. తనవి నాలుగు అడ్డవరసలు, వరసకు మూడు అంకెలు. మెహ్రాజ్‌వి మూడు వరసలు, వరసకు నాలుగు. ఓస్ ఇంతేనా అనుకుని, రీషేప్ అని కొట్టి అతని పన్నెండు అంకెలనూ నాలుగు వరసల్లోకి సర్దేసింది. కంప్యూటర్ కిక్కురుమనలేదు. జాబితా గోడెక్కింది.

పది నిమిషాల్లో వేల్పూర్ సత్తవ్వ వచ్చింది. జాబితాలో ఆమె కుప్ప తడి అని ఉంది. కేకలేం వేయలేదు. ఒక పసుపు కొమ్ము తెచ్చి నందిని ముందే విరిచింది. ఫట్‌మంది.

"పదిహేను దినాలు ఎండవెట్టిన బిడ్డా. గిది తడా?"

నందిని మెహ్రాజ్‌ను పిలిచింది. అతను తెర చూసి తల పట్టుకున్నాడు.

"నేను ఒక్కో కుప్పను నిలువుగ రాసిన, నువ్వు అడ్డంగ రాసినవ్. సర్దుడు గాదు, తిప్పాలె. లేకుంటే ఒకల అంకె ఇంకొకల వరసల వడ్తది."

తిప్పడానికి అతని పట్టిక పేరు చివర ఒక చిన్న అపాస్ట్రఫీ చాలు. పెట్టింది. నిలువువన్నీ అడ్డమయ్యాయి, ఎవరి అంకెలు వాళ్ల దగ్గరికి చేరాయి. సత్తవ్వ కుప్ప పొడి. తేమ మించిన ఆ ఒక్క అంకె అతని పట్టిక మూడో వరసలో, మాక్లూర్ రాజేశ్వర్ పేరు పక్కన కూర్చుంది. రాజేశ్వర్ నందిని తండ్రి.

ఆయన అప్పటికే వ్యాపారులతో ముచ్చట్లలో ఉన్నాడు. బిడ్డ చేతిలోని కొత్త కాగితంలో తన పేరు చూసి పక్కకు పిలిచి, గొంతు తగ్గించాడు.

"అడుగున జరంత తేమ, అంతే. సత్తవ్వది రేపు పోతది తియ్యి. పాత కాగితమే ఉండనీ, ఎవలు చూసిండ్రు?"

ఇంట్లో ఈ మనిషి మాటకు ఎదురు చెప్పి నందిని ఎరగదు.

"నేను చూసిన బాపూ," అని గోడ మీది కాగితం పీకేసింది.