చిటికెన వేలికి గట్టు

భోజనాల బల్ల దగ్గర కెమెరాల ఊసెత్తకూడదని ఆ ఇంట్లో అత్తగారు రూలు పెట్టారు. పెట్టక ఏం చేస్తారు పాపం? పెద్దకోడలు ఒక కెమెరా కంపెనీలో పనిచేస్తుంది. చిన్నకోడలు దాని మీద పళ్ళు నూరే ఇంకో కెమెరా కంపెనీలో పనిచేస్తుంది. పోనీ ఒకరు లెక్కలు రాసుకుంటూ ఇంకొకరు సరుకు అమ్ముకుంటూ ఉన్నారా అంటే అదీ కాదు. ఇద్దరిదీ ఒకటే పని, గ్రిప్పు చేయడం. కెమెరాకి కుడిపక్కన వేళ్ళు చుట్టుకునే ఉబ్బెత్తు భాగం ఉంటుందే, అదే గ్రిప్పు. దాన్ని మట్టితో మలిచి, గీకి, నునుపు చేసి, నచ్చక మళ్ళీ గీకి, చివరికి ఇదీ అని తేల్చాలి. రాబోయే మోడళ్ళ గురించి ఇంట్లోవాళ్ళ దగ్గర కూడా నోరు విప్పబోమని ఇద్దరూ తమ తమ కంపెనీలకి సంతకాలు చేసి ఇచ్చారు. అందుకని ఆ బల్ల దగ్గర వినబడే కబుర్లల్లా వానలు, కరెంటు బిల్లు, పక్కింటివాళ్ళ కుక్క.

నోరు కట్టేసుకుంటే కడుపులో మంట ఆగుతుందా? పెద్దకోడలికి ఆ మంట నిరుడు అంటుకుంది. ఆమె చేసిన గ్రిప్పుతో వచ్చిన కెమెరాని ఓ పత్రికవాడు పట్టుకుని చూసి 'తడిసిన సబ్బుబిళ్ళ' అని రాసిపారేశాడు. అదే పత్రికలో, అదే పేజీలో, చిన్నకోడలు చేసిన గ్రిప్పుకి అవార్డు. భర్త ఆ పేజీ చదివాడు. బుద్ధున్న మనిషైతే మడిచి పక్కన పెట్టాలా వద్దా? "మన మరదలు గట్టిదే" అన్నాడు.

"గట్టిదే" అంది పెద్దకోడలు. ఆ తరవాత కొన్నాళ్ళపాటు ఆయన టీలో పంచదార పడలేదు.

ఆ పిల్ల కాస్త గొప్పలు పోయినా బాగుండేది. అప్పుడు ఓ మాట అని మనసు చల్లార్చుకోవచ్చు. అబ్బే, పోదే. ఎవరైనా మెచ్చుకుంటే తల వంచుకుని "ఏదో అలా కుదిరిందిలెండి" అంటుంది. ఎంగిలి కంచాలు తనే తీస్తుంది, అక్కా అక్కా అంటూ వెనకే తిరుగుతుంది. తప్పు పడదామంటే దొరకని మనిషి మీద పడే అసూయ ఉంది చూశారూ, దానికి మందు లేదు.

ఇక అత్తగారు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు సొంతంగా ఫోటో స్టూడియో నడిపిన మనిషి. ఆ చుట్టుపక్కల వీధుల్లో సగంమంది చంటిపిల్లల మొదటి ఫోటో ఆవిడ చేతిమీదుగా తీసిందే. ఆ చేతికే కీళ్ళవాతం పట్టుకుంది. మధ్యవేలు లోపలికి వంగిపోయింది, చిటికెన వేలు పక్కకి తిరిగిపోయింది. ఒకరోజు మనవరాలిని ఫోటో తీయబోతే కెమెరా జారి గచ్చు మీద పడి, అద్దం పగిలింది. ఆవిడ ముక్కలన్నీ తనే ఏరి, కెమెరాని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశారు. "చెయ్యి మాట వినట్లేదు" అన్నారు, అంతే. మళ్ళీ ఆ బీరువా తలుపు దగ్గరికి పోలేదు.

పెద్దకోడలికి ఆలోచన అక్కడ పుట్టింది. అలాంటి చేతులు లోకంలో ఎన్ని లేవు? ఆ చేతిలో నిలబడే గ్రిప్పు చేస్తే? చిన్నకోడలు ఇంట్లో లేని పూట చూసుకుని, ఓ ముద్ద నూనెమట్టి తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. అది ఎండిపోయే రకం మట్టి కాదు, ఎన్నాళ్ళైనా మెత్తగా ఉంటుంది.

"అత్తయ్యా, ఇది కెమెరా అనుకుని పట్టుకోండి. గట్టిగా కాదు, మీకు ఎలా వస్తే అలాగే."

అత్తగారు ఎందుకని అడగకుండా పట్టుకున్నారు. వేళ్ళు పడ్డచోటల్లా గుంటలు పడ్డాయి, చిటికెన వేలి కింద మట్టి గట్టులా లేచింది.

"చిన్నదానికి చెప్పకండేం."

"నాకెందుకమ్మా చెప్పడం" అన్నారు ఆవిడ, చేతికంటిన మట్టి తుడుచుకుంటూ.

ఆ ముద్దనే దగ్గర పెట్టుకుని పెద్దకోడలు ఆఫీసులో గ్రిప్పు మలిచింది. వంగిన మధ్యవేలికి లోతుగా ఓ గుంట. తిరిగిపోయిన చిటికెన వేలికి కింద ఓ చిన్న గట్టు, వేలు జారిపోకుండా కూర్చోడానికి. మేనేజరు పట్టుకుని చూసి, ఇంకోసారి పట్టుకుని, "ఇదేమిటమ్మా, చేతిని ఇదే వెతుక్కుంటోంది" అన్నాడు. కొత్త మోడల్‌కి అదే ఖాయం చేశారు. అత్తగారి వేళ్ళు పడ్డ ముద్దని ఆమె ఇంటికి తెచ్చి, గుడ్డలో మూటగట్టి అలమారులో దాచుకుంది.

ఆ రోజునుంచి పెద్దకోడలు పగటికలలు కనడం మొదలుపెట్టింది. కెమెరా బయటికి రాగానే మొదటిది అత్తగారి చేతిలో పెడుతుంది. బల్ల దగ్గరే, అందరి ముందూ. రూలూ లేదు గీలూ లేదు. అత్తగారు దాన్ని కంటిదాకా ఎత్తి, దించి, "బాగుందమ్మాయ్" అంటారు. చిన్నకోడలు పక్కనే నిలబడి వింటుంది. చెప్పొద్దూ, ఆ చివరి ముక్క లేకపోతే ఆ కలకి ఉప్పే లేదు.

కెమెరాలవాళ్ళ లోకంలో గుడ్లగూబ అని ఒకడున్నాడు. వాడెవడో ఎవరికీ తెలీదు. రాబోయే మోడళ్ళ మీద పుకార్లు రాసే సైటు నడుపుతాడు. పుకారు నమ్మదగ్గదైతే పక్కన ఎక్కువ గుడ్లగూబ బొమ్మలు వేస్తాడు, గాలికబురైతే ఒక్కటే వేస్తాడు. అన్ని కంపెనీల్లోనూ పెద్దలు వాణ్ణి తిడతారు, పొద్దున్నే ఆఫీసుకి రాగానే తలుపేసుకుని ముందు వాణ్ణే చదువుతారు.

ఒక ఉదయం గుడ్లగూబ ఓ ఫోటో పెట్టాడు. ఆటల మైదానం అంచున ఎవడో మోకాళ్ళ మీద కూర్చుని ఫోటోలు తీస్తున్నాడు. వాడి చేతిలో కెమెరాకి పేరు కనబడకుండా నల్లటేపు చుట్టేసి ఉంది. చిన్నకోడలి కంపెనీవాళ్ళ రాబోయే మోడల్ అదేనట. ఆఫీసంతా ఆ ఫోటో మీద మూగింది. ఒకడు బటన్లు లెక్కపెడుతున్నాడు, ఇంకొకడు లెన్సు సైజు కొలుస్తున్నాడు. పెద్దకోడలు గ్రిప్పు చూసింది. టేపు దాని మీద బిగుతుగా అతుక్కుపోయి ఉంది. మధ్యవేలి దగ్గర లోతుగా గుంట. కింద చిటికెన వేలికి గట్టు.

దొంగ. ఇంట్లోనే ఉంది దొంగ. అక్కా అక్కా అంటూ వెనకే తిరిగేది ఇందుకన్నమాట.

ఇంటికి రాగానే తన గదిలో అలమారు తెరిచి చూసింది. మట్టిముద్ద గుడ్డమూటలో ఎక్కడిదక్కడే ఉంది. అయినా ఆ ముడి తను వేసిన ముడిలా లేదనిపించింది. అనుమానం పట్టినవాళ్ళకి ఏ ముడైనా అలాగే ఉంటుంది. నిజానికి గ్రిప్పు చూసి అది ఎలాంటి చేతి కోసం చేసిందో చెప్పగల మనిషి ఆమె. వేళ్ళు పొడుగా పొట్టా, పట్టు కుడివైపు మొగ్గుతుందా ఎడమవైపా, అన్నీ చెప్పేస్తుంది. ఆ రోజు మాత్రం ఫోటోలో చేతి సంగతి ఆలోచించలేదు. తన పనితనమే కనబడింది, అది పక్కదాని పేరు మీద పోతోందన్న ఉక్రోషమే కనబడింది.

మేనేజరుకి చెబుదామా? చెబితే మొదట వచ్చే ప్రశ్న, నీ దగ్గర్నుంచి అక్కడికి ఎలా వెళ్ళిందని. అందుకని పేరు పెట్టకుండా గుడ్లగూబకి రాసింది. 'ఆ ఫోటోలో గ్రిప్పు దొంగసొత్తు. అసలు చేసింది పోటీ కంపెనీ. వాళ్ళ కొత్త మోడల్‌లో సరిగ్గా అదే వస్తోంది, చూస్తూ ఉండండి.' పంపేశాక కాసేపు హాయిగా ఊపిరి పీల్చుకుంది. సొంత కంపెనీ గుట్టు తన చేత్తో బయట పెట్టానన్న సంగతి ఆ ఊపులో తట్టనే లేదు. అసూయ పడేవాళ్ళకి ఎదుటివాళ్ళ ఇల్లు అంటుకోవడమే కనబడుతుంది, అగ్గిపుల్ల గీసింది తమ వాకిట్లోనని కనబడదు.

గుడ్లగూబ ఆ కబురు పక్కన బారుగా గుడ్లగూబలు పరిచేశాడు. ఇంకేముంది, లోకంలో పనిలేనివాళ్ళందరికీ పని దొరికింది. కాపీ కంపెనీ అని కొందరు, కోర్టుకి ఈడ్వాలని కొందరు. వారం తిరక్కుండానే ఓ సాయంత్రం చిన్నకోడలు కళ్ళు వాచిపోయి ఇంటికొచ్చింది. బల్ల దగ్గర ఏమీ తినకుండా కంచంలో గీతలు గీస్తూ కూర్చుంది.

"ఏమైందే?" అన్నారు అత్తగారు.

"పని మార్చారత్తయ్యా. అట్టపెట్టెల విభాగానికి వేశారు. కెమెరా పెట్టి అమ్మే పెట్టెలుంటాయి కదా, అవి."

"ఎందుకని?"

"అది చెప్పకూడదు" అంటూ లేచి వెళ్ళిపోయింది.

పెద్దకోడలు అయ్యో అంది. అందరూ అన్నారు కాబట్టి అంది. ఆ పూట ఆమెకి భోజనం భలే రుచిగా ఉంది, ఇంకాస్త వడ్డించుకుంది కూడా.

ఆ రుచి ఎన్నాళ్ళో నిలవలేదు. మేనేజరు పిలిచాడు.

"కొత్త మోడల్‌కి ఆ గ్రిప్పు వద్దమ్మా."

"అదేంటండీ? వాళ్ళు తమ మోడల్లోంచి అది తీసేశారట కదా. ఇప్పుడిక మనదే."

"దొంగసొత్తన్న మాట ఒకసారి పడ్డాక ఎవరు తెచ్చినా దొంగసొత్తే. పైగా మన లోపలి సంగతి ఆ గుడ్లగూబకి ఎవరు మోశారో కూడా తేలలేదు. పైవాళ్ళు బెదిరిపోయారు. పాత గ్రిప్పే పెట్టేద్దాం."

"పాతదంటే... ఆ సబ్బుబిళ్ళా?"

"సబ్బుబిళ్ళే" అన్నాడు ఆయన, మొహం పక్కకి తిప్పుకుని.

రెండు కంపెనీల కెమెరాలూ ఒకేసారి మార్కెట్లోకి వచ్చాయి. ఉద్యోగులకి తలా ఒకటి ఇచ్చారు. ఆదివారం భోజనాలయ్యాక అత్తగారు చేతులు కడుక్కుని, తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకుని, "ఇవాళ రూలు లేదు. తెండి, చూద్దాం" అన్నారు. బల్ల తుడిపించి మరీ కూర్చున్నారు.

మొదట పెద్దకోడలిది పట్టుకున్నారు. వేళ్ళు చుట్టి పైకెత్తేలోగానే అది జారింది. పెద్దకోడలు కింద చెయ్యి పెట్టకపోతే బల్ల మీద పడేది. తరవాత చిన్నకోడలిది. అది కాస్త నయం, కంటిదాకా వెళ్ళింది. కానీ చిటికెన వేలికి ఆనిక లేక చెయ్యి వణికిపోయింది. ఆవిడ రెండు చేతులతోనూ మెల్లగా దించి బల్ల మీద పెట్టారు.

"రెండూ బాగున్నాయి" అన్నారు, పరాయివాళ్ళ పిల్లల్ని మెచ్చుకున్నట్టు. "మరి నాచేత మట్టి పట్టించారే, అది ఏ కెమెరాలోకి పోయింది?" అన్నారు.

కోడళ్ళిద్దరూ ఒకేసారి తలెత్తారు.

"ఏ మట్టి అత్తయ్యా?" అంది చిన్నకోడలు, పెద్దకోడలి వంక చూస్తూ.

"నువ్విచ్చిందీ, అక్క ఇచ్చిందీ. చిన్నదానికి చెప్పకండని ఇది, అక్కకి చెప్పకండని నువ్వూ. మీ మధ్యలో నాకెందుకని ఊరుకున్నాను. ఇద్దరూ చేస్తున్నారు కదా, ఏదో ఒకటి నా చేతిలో నిలబడకపోతుందా అని..." ఆవిడ చెప్పడం ఆపి తన చెయ్యి తిప్పి చూసుకున్నారు. "బీరువా తాళం కూడా తీసి ఉంచాను."

చిన్నకోడలు నవ్వబోయింది, నవ్వు రాలేదు. పెద్దకోడలి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నీకో మాట చెప్తాను, తిట్టకు. ఆ గుడ్లగూబ రాసింది చదివి, నా గదిలో మట్టి నువ్వే చూసి వెళ్ళావనుకున్నాను. మా పైవాళ్ళు అడిగారు కూడా, మీ ఇంట్లో ఆవిడ ఆ కంపెనీయే కదా, ఆవిడమీద అనుమానముందా అని. ఆ మాటంటే నీ ఉద్యోగం పోతుంది. అందుకని, లేదు, తప్పంతా నాదే అన్నాను. అయినా మనసులో నిన్ను దొంగే అనుకున్నాను. ఇన్నాళ్ళూ. ఏమనుకోకు అక్కా."

పెద్దకోడలికి మొదట వచ్చింది పశ్చాత్తాపమే అనుకుంటారేమో, కాదు. ఇందులోనూ ఇదే ముందుందా అన్న మంట. అదే అనుమానం ఇద్దరికీ వచ్చింది. ఒకతె నోరు మూసుకుని అట్టపెట్టెల దగ్గరికి పోయింది, ఒకతె పరుగెత్తుకెళ్ళి గుడ్లగూబకి చెప్పింది. ఆ మంట చల్లారాక అప్పుడొచ్చింది సిగ్గు, ఒళ్ళంతా పాకుతూ. పట్టుకున్న ఆ చెయ్యి ఇంకా వదల్లేదు, అదే భరించలేకపోయింది.

"గుడ్లగూబకి రాసింది నేనే" అంది.

పక్కనే టీ తాగుతున్న ఆమె భర్త కప్పు కింద పెట్టేశాడు. చిన్నకోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. గబుక్కున లాక్కోలేదు, మామూలుగానే తీసుకుంది.

అత్తగారు బల్ల మీది కెమెరాలు రెండూ పక్కకి జరిపారు. "ఆ మట్టి ఇంకా ఉందా?" అని అడిగారు.

చిన్నకోడలు లేచి లోపలికి వెళ్ళింది. పెద్దకోడలూ లేచింది. ఒకరి తరవాత ఒకరు వచ్చి, తెచ్చిన ముద్దలు బల్ల మీద పెట్టారు. పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడానికి లేదు. అత్తగారు చేతికి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకున్నారు. అది తనదా, చిన్నదానిదా అని పెద్దకోడలి కళ్ళు అప్పుడు కూడా వెతికాయి. ఆ పాడు బుద్ధిని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు.

వంగిన వేలు గుంటలోకి దిగింది. చిటికెన వేలు గట్టు మీద కూర్చుంది. అత్తగారి చెయ్యి వణకలేదు. ఆవిడ ఆ ముద్దని కంటిదాకా ఎత్తి, ఒక కన్ను మూసి, కోడళ్ళ వైపు తిప్పారు. స్టూడియోలో ఎందరితోనో అన్న మాటే, అదే గొంతుతో అన్నారు.

"దగ్గరికి జరగండి ఇద్దరూ."

పెద్దకోడలు జరిగింది. చిన్నకోడలు మట్టి వైపే చూస్తూ ఉన్నచోటే నిలబడింది.