తేదీ దాటిన పచ్చ ప్యాకెట్టు

బడి కంప్యూటరు పోయింది మంగళవారం. మూడో తరగతి పిల్లలకు కథ వినిపిద్దామని మీట నొక్కితే, లోపల గీరుకున్నట్టు చప్పుడై ఆగిపోయింది. అందులో నా భార్య యూలాన్ గొంతుతో నలభై కథలున్నాయి. పిల్లల ఇళ్లలో మా హక్కా భాష వినబడటం లేదని రెండేళ్లు కూర్చుని ఆమె చెప్పినవి. ఆమె పోయి పదకొండు నెలలు.

మరమ్మతు చేసే పెంగ్ వచ్చాడు. మూత విప్పకముందే కంప్యూటరు మీదున్న చిరుతిండి ప్యాకెట్టు అందుకున్నాడు. మా వైపు ఏ యంత్రం మీదైనా ఆ పచ్చ ప్యాకెట్టు ఉండాల్సిందే. అది ఉంటే యంత్రం మాట వింటుందంటారు. ఎవరూ తినకూడదు, తేదీ దాటనివ్వకూడదు.

“తేదీ దాటి ఏడు నెలలు మాస్టారూ. పాచిది పెడితే ఎవరు పనిచేస్తారు? నేనైతే ఎప్పుడో మానేసేవాణ్ణి.”

ఏటా కొత్తది తెచ్చి పెట్టేది యూలాన్. ఆ సంగతి గుర్తొచ్చి కాబోలు, అతను ప్యాకెట్టు పక్కన పెట్టి మూత విప్పాడు. చాలాసేపటికి తలెత్తి, “ఇంకోచోట కాపీ ఉందిగా?” అన్నాడు.

లేదు. ఒకసారి యూలానే అడిగింది, తీసి ఉంచమని. “పైన ప్యాకెట్టు ఉందిగా, దానికేం కాదు” అన్నాను. నవ్వులాటకే అన్నాను. కానీ కాపీ తీయలేదు.

పెంగ్ కథలున్న డిస్కును షిన్‌చూ నగరం దాకా తీసుకెళ్లి చూపించాడు. ఏమీ రాదని చెప్పి పంపించారు.

ప్రతి శనివారం మా అత్తగారు బస్సులో బడికి వస్తుంది. కంప్యూటరు ముందు కూర్చుని ఒక కథ వింటుంది. “నెమ్మదిగా చెప్పవే, ఎవరు తరుముతున్నారు?” అని మధ్యలో కూతుర్ని కసురుతుంది. కంప్యూటరు పోయే ముందు శనివారం బస్సు వేళైందని పులి కథ సగంలో ఆపాం.

మొన్న శనివారం వచ్చినప్పుడు కరెంటు లేదని చెప్పాను.

“పోనీలే నాయనా, పై వారం వింటాను. దానికి ఆ కథ నేర్పింది నేనే. చివర ఏం మార్చిందో చూడాలి. నువ్వు మాత్రం చెప్పకు.”

చివర ఏముందో నాకు గుర్తు లేదు.

కొత్త కంప్యూటరు వచ్చింది. దాని మీద పిల్లలు కొత్త ప్యాకెట్టు పెట్టారు. వచ్చే మార్చి దాకా తేదీ ఉంది.

రేపు శనివారం. అత్తగారికి ఇంకా చెప్పలేదు.