ఉత్త పూల లెక్క

లెక్కల మాస్టారికి బడి తోట అప్పగించడమంత తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు. అయినా అప్పగించారు. సైన్సు టీచరు ప్రసూతి సెలవు మీద వెళ్లింది మరి! వేసవిలో ఆయన వేసిన తోటకూర ఎండకు మాడింది. వానల్లో వేసిన బెండ నీళ్లు నిలిచి కుళ్లింది. ఇక మిగిలింది గోడ వారన సొరపాదు. చలి మొదలయ్యేలోగా అది కాయకపోతే అక్కడ సైకిల్ స్టాండు వేయిస్తానని పెద్ద మేడమ్ తేల్చి చెప్పారు. అప్పటికే మాస్టారికి ఆ తోటంటే ప్రాణమైపోయింది.

పాదు పందిరంతా పాకింది. పిందెలు మాత్రం రెండు రోజుల్లోనే పసుపెక్కి రాలిపోయేవి.

"పిందె ఉన్న పూలు లాభం, లేనివి నష్టం. బలమంతా పిందెలకే పోవాలంటే ఈ ఉత్త పూలు తీసేయాలి" అని మాస్టారు లెక్క తేల్చారు. రోజూ బడి వదిలేముందు పిల్లలు ఉత్త మొగ్గలన్నీ గిల్లి బుట్టలో పోసేవారు. ఒక్కటి మిగిల్తే ఒట్టు! వాళ్ల క్రమశిక్షణ చూసి ఆయన మురిసిపోయేవారు.

ఐదో తరగతిలో ఒక పిల్లను అందరూ ఎందుకమ్మ అనేవారు. ఆ బిరుదు ఊరికే రాలేదు.

"సార్, ఉత్త పూలు దండగే కదా. మరి పాదు అవే ఎక్కువ ఎందుకు పూస్తోంది?"

"పాదుకు లెక్కలు రావమ్మా."

"మనకొచ్చా సార్?"

క్లాసు గొల్లుమంది. ఆ ప్రశ్న మాస్టారి చెవిలో జోరీగలా పట్టుకుంది.

ఆ రోజు ఆయన మొగ్గలు తెంపనివ్వలేదు. ఎందుకమ్మను తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మమ్మను కూడా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎండ దిగాక తెల్లటి పూలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. అవి సాయంత్రం పూస్తాయని కూడా ఆయనకు తెలియదు! ఒక రెక్కల పురుగు ఉత్త పూలో దూరి, అక్కడినుంచి పిందె పూవు మీద వాలింది. మాస్టారు ఉత్త పూలో వేలు పెట్టారు. పసుపు పొడి అంటింది. పిందె పూలో వెతికితే పొడి లేదు.

"ఇది అక్కడికి చేరాలేమో సార్!" అంది ఎందుకమ్మ.

"అయ్యో తల్లీ, బుట్టలకొద్దీ పారబోయించానే!" మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంత చదువుకున్నారు, ఒక్కసారి పూవు వంక చూడలేదా బాబూ?" అంది అమ్మమ్మ.

నాలుగు రోజులకే గడువు ముగిసింది.

"కాయేది మాస్టారూ?" అన్నారు పెద్ద మేడమ్.

"లేదు మేడమ్. పిందెలిప్పుడే నిలబడుతున్నాయి. తప్పు పాదుది కాదు, నాది. ఉత్తవనుకుని మగ పూలన్నీ తెంపించేశాను."

"పూలల్లో మగా ఆడా తెలుస్తాయా?" మేడమ్ కళ్లజోడు సవరించుకుని పందిరి కింద వంగారు. ఎందుకమ్మ రెండు రకాల మొగ్గలూ చూపించింది. విచ్చుకునేది సాయంత్రమేనని తెలిసి మేడమ్ కుర్చీ తెప్పించుకున్నారు.

బడి వదిలినా ఆవిడ కదల్లేదు. పొద్దువాలే వేళకు స్టాండు మేస్త్రీ టేపు పట్టుకుని వచ్చి పందిరికి ఎదురుగా నిలబడ్డాడు.

"కొలతలు తీసుకోమంటారా అమ్మా?"

"సైకిళ్లు ఎండలో ఉన్నా వాడిపోవులే. నువ్వు కాస్త అడ్డు తప్పుకో నాయనా, పువ్వు విచ్చుకుంటోంది."