కోవిల్‌పట్టి అడుగు శ్రుతి

ఇడ్లీపిండి మెత్తబడటానికి ఎంతసేపు పడుతుందన్న ప్రశ్నకు మానవజాతి ఇంతవరకు తుది సమాధానం చెప్పలేదు. సామ్రాజ్యాలు లేచాయి, కూలాయి. గ్రహణాలను ముందుగా గణించారు. పిండి విషయంలో మాత్రం శాస్త్రం "మెత్తబడేదాకా" అన్న మాట దగ్గరే చతికిలబడింది. ఈ అజ్ఞానం వల్ల లోకానికి ఎంత నష్టం కలిగిందో తెలియదు గాని, తమిళనాట కోవిల్‌పట్టిలో, ఇంట్లో తెలుగు మాట్లాడే పెరుమాళ్సామి భార్య గాంధిమతికి మాత్రం దీనివల్ల అపారమైన మేలు జరిగింది. ఎంతసేపో ఎవరికీ తెలియదు కనుక, ఆమె ఎంతసేపంటే అంతసేపు.

మధ్యాహ్నం అందరి భోజనాలూ అయి, అంట్లు తోమి, వంటిల్లు కడిగి, అత్త సీనియమ్మాళ్ హాల్లో చాప మీద నడుం వాల్చాక గాంధిమతి గ్రైండరు స్విచ్చి వేసేది. ఆ యంత్రం ఆమెకంటే ముందే ఆ ఇంటి కోడలు. నడుమెత్తు ఇనప చట్రం, అందులో రాతి తొట్టి, తొట్టిలో పొత్రం. మొదట ఒక మూలుగు, తరవాత బెల్టు పట్టు చిక్కించుకొన్న చప్పుడు, ఆపైన వీధి చివర ఆమె భర్త సూపర్వైజరుగా ఉన్న అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ దాకా వినవచ్చే గంభీర ఘోష. ఆ ఘోష రోజూ మధ్యాహ్నమంతా సాగేది. పిండి ఇంటి అవసరానికి మించిపోయేది. మించినదాన్ని సీనియమ్మాళ్ గిన్నెలకెత్తి ఇరుగుపొరుగులకు పంచేది. "నా కోడలు వెన్న మాదిరి రుబ్బుతాది" అని ఆమె వీధి కొళాయి దగ్గర ప్రకటించినప్పుడు కాదనే దమ్ము ఎవరికీ లేదు. అందరి కడుపుల్లోనూ ఆ ఇంటి ఇడ్లీలే ఉన్నాయి.

ఆ ఘోష చాటున, పోపులడబ్బాల అర మీద, టేప్‌రికార్డరు పాడుతుండేది. ఏ పాటంటే, నార్వే, ఫిన్లాండు దేశాల యువకులు నల్లని బట్టలు కట్టుకొని, గొంతులు చించుకొని, గిటార్లను కసితో హింసిస్తూ చేసే సంగీతం. గాంధిమతి పుట్టిల్లు విరుదునగర్. అక్కడి కాలేజీలో ఆమె ఇంగ్లీషు బి.ఏ. చదువుతుండగానే అన్న ఆనందరాజ్‌కు తూత్తుకుడిలో ఒక షిప్పింగు ఏజెంటు దగ్గర ఉద్యోగమయింది. ఓడ దిగిన నావికులు అతనికి క్యాసెట్లు ఇచ్చేవారు. అతను వాటిని చెల్లెలికి తెచ్చేవాడు. పెళ్లయ్యాక కూడా మురుకుల డబ్బా అడుగున పెట్టి పంపడం మానలేదు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఒక సాయంత్రం అమాయకంగా ఒక క్యాసెట్టు పెట్టింది. పెరుమాళ్సామి కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఎవుర్నో గొంతు పిసికినట్టుండాది. ఆపు. పక్కింటోళ్లు మనమే కొట్టుకొంటుండామనుకొంటారు" అన్నాడు. ఆపింది. ఆనందరాజ్ ఒక ఇయర్‌ఫోను పంపాడు. ఈసారి అత్త వంతు: "పిలిస్తే పలకవు. ఇంటి ఆడదానికి చెవులు మూసుకొనే పనేంటికి?"

ఈ వాక్యాన్ని గాంధిమతి చాలా సంవత్సరాలు మథించింది. కళ్లు దించుకొంటే వినయమన్నారు, నోరు మూసుకొంటే సంస్కారమన్నారు. మరి చెవులు మూసుకొంటే అహంకారమెలా అయింది? ఆలోచించగా తేలిందేమంటే, కళ్లూ నోరూ ఆమెవి కనుక వాటిని మూసుకోమనవచ్చు. చెవులు ఉమ్మడి ఆస్తి. కాఫీ అని ఒకరు, చొక్కా గుండీ అని ఒకరు, తలుపెవరో కొడుతున్నారని ఒకరు వాటిలోకి ఎప్పుడైనా రావచ్చు. అలాంటి ఆస్తిలో తన వాటా కోసం కోర్టుకెక్కడం ఆమె స్వభావం కాదు. గ్రైండరు చాటున ఆక్రమించుకొంది.

ఆక్రమణ అంతటితో ఆగలేదు. చెన్నైలో కొందరు యువకులు ఇంగ్లీషులో ఒక మాసపత్రిక రాసి, జెరాక్సు తీసి, కుట్టి పోస్టు చేసేవారు. 1999లో ఆమె వాళ్లకు "ఈ నెల కొత్త విడుదలలు" అని ఒక సమీక్ష పంపింది. అచ్చయింది. ఆపైన నెలనెలా సాగింది. కింద "గాంధి, కోవిల్‌పట్టి" అని రాసేది. సంపాదకుడు "డియర్ మిస్టర్ గాంధి" అని జవాబిచ్చేవాడు. ఆమె దిద్దలేదు. ఇంట్లో అందరూ పొడుగు పేరుతోనే పిలిచి పనులు చెబుతారు. పని చెప్పనివాడు ఏమని పిలిస్తేనేం?

ఆ సంగీతంలోని శాఖలకు ఆమె తన శీర్షికలో వేసుకొన్న పునాది ఇది: "ఇండీ అంటే ఇంట్లోవాళ్ల సాయం లేకుండా చేసుకొన్నది. మెటల్ అంటే ఇంట్లోవాళ్లు వద్దన్నా చేసింది. ప్రయోగాత్మకం అంటే ఏం చేశారో ఇంట్లోవాళ్లకు ఇప్పటికీ తెలియనిది." తరవాత తీర్పులు. "నార్వేవారి కొత్త క్యాసెట్టులో గాయకుడు చీకటిని, మంచును, మృత్యువును పేరుపేరునా పిలుస్తాడు. ఎవరూ పలకరు. పిలిచినా పలకనక్కరలేని స్థితి ఎంతటి భాగ్యమో ఆ మృత్యువుకు తెలిసినట్టు లేదు." "షిల్లాంగు కుర్రాళ్ల గిటారు సిగ్గుపడుతూ వచ్చి గడపలోనే నిలబడింది. లోపలికి రమ్మని ఎవరైనా చెప్పవలసింది." "జర్మనీవారు ఒక పక్కంతా నీటిబొట్టు చప్పుడే ఎక్కించారు. కొళాయికి వాషరు మార్చుకొంటే సరిపోయేది; కళకు నష్టం జరిగేది, అంతే."

అయితే ఆమెకు నిజమైన కీర్తి తెచ్చింది ఒక సిద్ధాంతం. ఏ దేశపు సంగీతమైనా, ఏ శాఖదైనా, అన్నిటి అడుగునా ఒక ఎడతెగని గంభీరమైన శ్రుతి వినబడుతోందని ఆమె గమనించింది. ఒకరినొకరు ఎరగని బృందాలు, సముద్రాలకు ఆవలా ఈవలా, ఒకే శ్రుతిని ఎలా పట్టుకొన్నాయి? శతాబ్దం ముగుస్తున్న వేళ యంత్రయుగపు ఆత్మే ఇలా పలుకుతోందని రాసింది. చెన్నై హాస్టళ్లలో పాఠకులు దీపాలార్పి, స్పీకర్లకు చెవులానించి విన్నారు. వినబడిందని ఉత్తరాలు రాశారు.

ఇలా సాహిత్యమూ పిండీ సమృద్ధిగా సాగుతుండగా, ఆ పిండి తిన్న పొరుగింటి పాప్పా ఒక రోజు కొళాయి దగ్గర అంది: "పావం గాంధిమతి. పగలంతా దానిచేత రుబ్బిస్తారు. ఆ మొగుడికి కన్నే లేదు." మాట టీకొట్టు మీదుగా పెరుమాళ్సామిని చేరింది. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడనిపించుకోవడం అతనికి బొత్తిగా ఇష్టం లేదు. ఆదివారం విరుదునగర్ వెళ్లి, బల్ల మీద పెట్టుకొనే కొత్తరకం గ్రైండరును బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. వీధిలో అందరికీ కనబడేలా నడిచి వచ్చాడు.

"సత్తమే రాదు, చప్పుడే ఉండదు," అన్నాడు, తనే కనిపెట్టినట్టు. "రోజూ నీకు మధ్యాన్నం మిగులుతాది. మురుకులు చేసుకోవచ్చు."

పాత గ్రైండరుకు గోనెపట్టా కప్పి మెట్లకింద పెట్టించాడు. కొత్తది ఈగ ముసిరినంత చప్పుడు చేసి, గాంధిమతి తల దువ్వుకొనేలోగా పిండి రుబ్బేసింది. భర్త తన కోసం చేసిన మొదటి త్యాగానికి ఆమె సంతోషించవలసి ఉంది. సంతోషిస్తున్నట్టు ముఖం పెట్టింది గాని, లోపల ఒకటే లెక్క: చాటు పోయింది. నెలాఖరుకు సమీక్ష పంపకపోతే ఆ పేజీ ఇంకెవరికో పోతుంది. ఆ పేజీ పోతే తనకు మిగిలేది, నిజంగానే, మురుకులు.

మర్నాడు కొత్త గ్రైండరు వేసి, టేప్‌రికార్డరుకు తువ్వాలు చుట్టి, శబ్దం బాగా తగ్గించి, ఫిన్లాండువారిని పెట్టింది. హాల్లోంచి అత్త గొంతు: "ఏమ్మే, అందులో పిల్లి ఏమైనా పడిందా?"

రెండింటినీ ఆపేసింది. ఆ మర్నాడు గాంధిమతి మళ్లీ రెండూ వేయగానే, భోజనానికి వచ్చిన కొడుకును సీనియమ్మాళ్ వంటింటి గోడ దగ్గర నిలబెట్టి వినిపించింది. పెరుమాళ్సామి లోపలికి వచ్చేసరికి అంతా నిశ్శబ్దం.

"మిషన్‌లో కోళారు ఉండాది, ఏదో చెడిపోయినాది," అన్నాడు. "అంగడోడు మోసం చేసినాడు. మార్పించుకొని వస్తా. నువ్వూ రా, మీ ఊరోడే గదా."

ఆ క్షణాన చెప్పవలసింది. చెప్పలేదు. బస్సులో గ్రైండరు ఈసారి ఆమె ఒళ్లో కూర్చుంది.

విరుదునగర్ అంగట్లో యజమాని తిరుపతిసామి గ్రైండరును బల్ల మీద పెట్టి నడిపాడు. ఈగ ముసిరింది. పెరుమాళ్సామి భార్య వైపు వంగి, మన భాష ఇక్కడ ఎవరికి తెలుసన్న ధీమాతో తెలుగులో, "ముఖం చూడు, దొంగముండాకొడుకు, ఏదో తిప్పి సరిచేసినాడు" అని గుసగుసలాడాడు.

"ఏమీ తిప్పలేదు సామీ," అన్నాడు తిరుపతిసామి, అంతే చక్కటి తెలుగులో. "మా ఇంట్లోనూ ఈ మాటే. కూచోండి. అరుస్తాదంటిరి, ఎట్ల అరుస్తాది?"

పెరుమాళ్సామి చెవులు ఎర్రబడ్డాయి. అయినా న్యాయం తన పక్షాన ఉందన్న నమ్మకంతో, స్టీలు బిందెల మధ్య నిటారుగా నిలబడి, పొట్ట బిగబట్టి, విన్నది విన్నట్టుగా అరిచి చూపించాడు. బిందెలు మోగాయి. రోడ్డు మీద ఒక సైకిలు ఆగింది. గాంధిమతి ఆశ్చర్యపోయింది. గొంతు కాదు, నాభి నుంచి వచ్చింది. ఊపిరి ఎక్కడా తెగలేదు. ఆ ఫిన్లాండువాడి కంటే చివరి విరుపులో ఒక పాలు నిజాయితీ కూడా ఎక్కువే. ఇన్నేళ్ల కాపురంలో భర్తను చూసి ఆమె ఇంత ముచ్చటపడలేదు. ఇక ఆయనను అలా నిలబెట్టి ఉంచడం న్యాయం కాదనిపించింది.

"అది గ్రైండరు కాదు," అంది. "నా పాట."

తిరుగు బస్సు సాత్తూరు దాటాక అతను అడిగాడు:

"ఎన్నాళ్లుగా?"

"పెండ్లైనప్పట్నించి."

"ఆపమన్నా గదా."

"మొదటిసారి ఆపినా. రెండోసారి మీరు అడగలా."

అతను కిటికీలోంచి చూస్తూనే, "ఆ అరిసేవాడికి పెండ్లయిందా?" అన్నాడు.

"తెలీదు."

"అయ్యుంటాది."

ఇంటికొచ్చాక సీనియమ్మాళ్ అంతా విని, "పాటని చెప్పుంటే సరిపోయేది గదా. నేను పొత్రం అరిగిపోతాందని వాడి ప్రాణం తీస్తా ఉంటిని" అని విసుక్కొంది. "మెల్లగా పెట్టుకో. నేను పిలిస్తే మాత్రం పలుకు." పాలకవర్గం ఇంతకంటే ఉదారమైన శాసనం జారీచేసినట్టు ఆ ఇంటి చరిత్రలో లేదు.

మర్నాడు గాంధిమతి తలుపు తెరిచి ఉంచి, పీట వేసుకొని, దొంగతనం లేకుండా మొదటిసారి ఆ నార్వే క్యాసెట్టు విన్నది. గిటారు ఉంది. డ్రమ్ములు ఉన్నాయి. మృత్యువును పిలవడం ఉంది. అడుగు శ్రుతి లేదు. షిల్లాంగువారిది పెట్టింది, లేదు. జర్మనీవారిది పెట్టింది, నీటిబొట్టు తప్ప ఏమీ లేదు. యంత్రయుగపు ఆత్మ ఇన్నాళ్లూ అర హార్స్‌పవరు మోటారుతో, తెగబోయే బెల్టుతో, తన మోచేతి పక్కనే తిరిగిందని అప్పుడు అర్థమయింది.

సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. బెంగళూరులో ఎవరో ఆమె సిద్ధాంతాన్ని నమ్మి, తమ పాటలన్నిటి అడుగునా ఒక హోరు పెట్టుకొన్నారని మొన్ననే సంపాదకుడు రాశాడు. క్షమాపణ రాసి శీర్షిక మానుకోవడమే మర్యాద. కాగితం తీసి మొదటి వాక్యం రాసింది కూడా. ఆ వాక్యం ఎంత సులువుగా వచ్చిందో చూసి చెయ్యి ఆగింది. రసం పులిస్తే క్షమాపణ, చుట్టాలు చెప్పకుండా వస్తే క్షమాపణ, కరెంటు పోయినా తనదే క్షమాపణ, చేతికి అలవాటైపోయింది. ఇంతకూ తను విననిది రాసిందా? విన్నదే రాసింది. ఆ శ్రుతి ఉంది. నార్వేలో లేదు, అంతే. తన రెక్కలు పడిన పాటు ప్రతి మధ్యాహ్నం మోగితే, దాన్ని ఊరంతా పిండి అంది, చెన్నైలో కళ అన్నారు, తను పరాయిదేశపు మగపిల్లల ఖాతాలో వేసింది. తప్పంటూ ఉంటే అది ఒక్కటే.

కాగితం చించేసి భర్తను పిలిచింది. పిలిస్తే అతను పలికాడు.

"మెట్లకింద గ్రైండరు లోపలికి తేవాల."

"మళ్లీ అదేంటికి?"

"రికార్డింగు ఉండాది."

పెరుమాళ్సామి ఇంకేమీ అడగలేదు. అంగట్లో అరిచిన మనిషికి ఇక తెలుసుకోవలసిన వింత లేదు. మోసుకొచ్చి పెట్టాడు, బెల్టు తగిలించాడు, గుమ్మంలో కూర్చొన్నాడు. గాంధిమతి నానబెట్టిన మినుములు పోసి, ఖాళీ క్యాసెట్టు పెట్టి, రెండు మీటలు కలిపి నొక్కింది. ఒక పక్క నిండేదాకా ఎవరూ మాట్లాడలేదు.

ఆ నెల సమీక్షలో మొదటి అంశం ఇలా ఉంది: "ప్రయోగాత్మకం. వాయిద్యాలు: రాయి, నీరు, మినుములు. ఇతర బృందాల అడుగున వినబడుతోందని ఈ శీర్షికలో పలుమార్లు పేర్కొన్న శ్రుతి ఇదే. నిజమైన కర్త పేరు ప్రకటించడం ఇదే మొదటిసారి: శ్రీమతి గాంధిమతి, కోవిల్‌పట్టి. ఏ పాశ్చాత్య బృందమూ ఇంత నిరాడంబరంగా, ఇంత దీర్ఘంగా, శ్రోతల నుంచి ఏ గుర్తింపూ ఆశించకుండా ఈ స్థాయిని అందుకోలేదు. ఇకపై ఆశిస్తుంది." కవరు అంటించి, పెరుమాళ్సామి చేతికిచ్చి పోస్టులో వేయించింది.

రికార్డింగు హడావుడిలో పిండికి ఉప్పు వేయడం మరిచిపోయింది. మర్నాడు ఇడ్లీలు చప్పగా ఉంటే క్షమాపణ చెప్పడమూ మరిచిపోయింది.