పెద్దక్క అట్టపెట్టె

కుట్టుషెడ్డు బాధ్యత చూసే పెద్దక్క సగం మిషన్లకు నూనె చుక్కలు వేసిందో లేదో, కటింగ్ మాస్టరు లబోదిబోమంటూ వచ్చాడు. ఆయన కత్తెర పోయింది. పిడికి నీలం గుడ్డ చుట్టిన కత్తెర, పదిహేనేళ్లుగా ఆ చేతికే అలవాటు పడ్డది.

"నిన్న ఆఖర్న బయటికెళ్లింది ఇద్దరే. సాయంత్రానికి దొరక్కపోతే ఇద్దర్నీ పంపించెయ్," అని యజమాని కుండబద్దలు కొట్టినట్టు చెప్పి కారెక్కాడు.

ఒకరు గుండీలు కుట్టే అత్త. రెండోవారు ఇస్త్రీ బాబాయి. ఇద్దరికీ ఈ పని తప్ప దిక్కు లేదు.

సంచులు వెతకడం పెద్దక్కకు గిట్టదు. దారాలు కత్తిరించే పనిలో చేరిన కొత్తల్లో, దారపుండలు పోయాయని అందరి ముందూ ఆమె సంచీ బోర్లించారు. ఏమీ దొరకలేదు. అయినా ఆర్నెల్లు ఎవరూ పక్కన కూర్చుని అన్నం తినలేదు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

అందుకే బట్టలు మార్చుకునే గదిలో ఖాళీ అట్టపెట్టె పెట్టింది. భోజనాలయ్యాక ఇద్దరూ సంచులతో ఒకరి తర్వాత ఒకరు లోపలికెళ్లి రావాలి. ఎవరు పెట్టారని ఎవరూ అడగకూడదు.

బాబాయి రోజూలాగే అన్నానికి ఇంటికి వెళ్లొచ్చాడు. భోజనాల వేళ ఎన్నడూ షెడ్డు గడప దాటని అత్త కూడా ఆ పూట బజారుకెళ్లింది. ముందు అత్త లోపలికెళ్లి వచ్చింది. తర్వాత బాబాయి. వచ్చేటప్పుడు ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

పెట్టెలో కత్తెర ఉంది. తళతళలాడే కొత్తది.

మాస్టరు దాన్ని రెండుసార్లు గాలిలో ఆడించి, ఎవరివైపూ చూడకుండా అన్నాడు: "నాదే. గుడ్డ ఊడిపోయినట్టుంది."

పెద్దక్క గుండెల మీంచి బరువు దిగింది. దొరికిందని యజమానికి ఫోను చేసేసింది.

షెడ్డు మూసేవేళ బాబాయి వచ్చి నిలబడ్డాడు. "రేపట్నుంచి రానమ్మా."

"అదేంటి బాబాయ్? దొరికింది కదా!"

"ఇంట్లో మీ పిన్ని బ్లేడుతో గుడ్డ కోస్తోందమ్మా. చూడలేక బుద్ధి గడ్డి తింది. తిరిగిచ్చేద్దామనే తెచ్చాను. పెట్టె మూత తీసేసరికి అందులో ఒకటుంది. గుండీలు కుడుతూ రెక్కలు ముక్కలు చేసుకునే మనిషి, నా కోసం కొనుక్కొచ్చింది. ఆవిడ ఎదురుగా ఇస్త్రీ ఎలా చెయ్యను?"

పెద్దక్కకు ఏడుపొచ్చింది. ఆయన ఖాళీ సంచీ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

దీపాలార్పుతూ ఆమె ఇస్త్రీ బల్ల దగ్గర ఆగింది. మడతపెట్టిన చివరి చొక్కా పక్కన మాస్టరు పాత కత్తెర ఉంది. బాబాయి నీలం గుడ్డను విప్పి, ఇస్త్రీ చేసి, మళ్లీ పిడికి చుట్టి పెట్టాడు. ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.