చింతలరేవుకి నీళ్ళ దారి

నేనొక చిన్న నావను. ఈ మాట చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది. నీళ్ళు తాకి నాలుగేళ్ళు దాటిన దాన్ని ఎవరైనా నావ అంటారా? ఒక పాత ఇంటి పెరట్లో, రెండు తాటి దుంగల మీద, రేకుల చూరు కింద పడి ఉన్నాను. వాన పడితే పక్కింటి కోళ్ళు నా కిందికి చేరతాయి. పనిగట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు వేరే ఎవరూ లేరు.

నన్ను చేసినవాడు సింహాద్రి ఆచారి. మద్ది పలకలు కోసి, వంచి, సందుల్లో నార కూరి, గుగ్గిలం కాచి పోశాడు. పని అయ్యాక నా మొహాన పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, "ఎక్కినోళ్ళని ముంచకే తల్లీ" అని దండం పెట్టాడు. మనుషులు ఇంతే, తమ చేతులతో చేసినదాన్నే ముందు బతిమాలుకుంటారు. నేను మాట నిలబెట్టుకున్నాను. ఇరవై ఆరేళ్ళు గోదావరి పాయ మీద ఒక రేవు నుంచి ఇంకో రేవుకి జనాన్ని దాటించాను. పెళ్ళికూతుళ్ళని, మేకలని, ధాన్యం బస్తాలని, తగాదా పడి వెళ్ళేవాళ్ళని, రాజీపడి వచ్చేవాళ్ళని మోశాను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత నన్ను చూసే పుట్టిందేమో. ఒడ్డు చేరాక వెనక్కి తిరిగి చూసినవాళ్ళు లేరు.

తరవాత వంతెన కట్టారు. నన్ను ఒక రొయ్యల చెరువు ఆసామి తీసుకెళ్ళి, మేత చల్లడానికి పెట్టుకున్నాడు. ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పను. పొద్దస్తమానం ఒకే చెరువులో గుండ్రంగా తిరగడం ఏం బతుకు? చెరువు దెబ్బతిని ఆయన ఊరు వదిలేశాక, గట్టు మీద బోర్లా పడి రెండేళ్ళు ఎండాను. అప్పుడు వచ్చాడు అబ్బులు.

అబ్బులు కాలవ లాకుల దగ్గర పని చేసి రిటైరైన మనిషి. ముప్ఫై నాలుగేళ్ళు లాకు తలుపులు ఎత్తాడు, దించాడు. ఆ తలుపుల మధ్య నుంచి ఎన్ని వందల పడవలు సాగనంపాడో. తాను మాత్రం జన్మలో ఒక్క పడవా ఎక్కలేదు. భార్య పోయింది, పిల్లలు లేరు, కాలవ గట్టు పక్కన రెండు గదుల ఇల్లు. నన్ను ట్రాక్టరు మీద తెచ్చి పెరట్లో దించినప్పుడు అతని వెంట ఇంకొకాయన ఉన్నాడు. ఆయన పేరు ఇజ్రాయేలు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకి రోడ్లు తెలుసు, ఇతనికి తలుపులు తెలుసు. పడవ నడపడం ఇద్దరికీ తెలియదు. ఇద్దరికీ ఈత కూడా రాదని నాకు తరవాత తెలిసింది.

వీళ్ళకి నావ ఎందుకో వాళ్ళ మాటల్లోనే విన్నాను. అబ్బులు పుట్టిన ఊరు చింతలరేవు, ఇదే కాలవ మీద పధ్నాలుగు కిలోమీటర్ల కింద ఉంది. పంతొమ్మిదేళ్ళ క్రితం వరదల్లో అతని తల్లి పోయింది. తల్లికి తలకొరివి పెట్టవలసినవాడు చిన్నకొడుకు, అంటే అబ్బులు. కబురు అందేసరికి అతను లాకు దగ్గర ఉన్నాడు. నీళ్ళు గట్టు మీదికి ఎక్కుతుంటే తలుపులు వదిలి కదల్లేకపోయాడు. అక్కడ చూస్తే శ్మశానంలోకి నీళ్ళు వచ్చేస్తున్నాయి. అన్న వీరభద్రం ఆగలేక తానే కొరివి పెట్టేశాడు. అబ్బులు తడి బట్టలతో పరుగెత్తుకొచ్చేసరికి చితి సగం కూలిపోయింది. ఊరందరి ముందూ "ఈ ఊరి నేల మీద మళ్ళీ కాలు పెడితే నేను మా అమ్మ కడుపున పుట్టనట్టే" అని ఒట్టు వేసి వచ్చేశాడు. తప్పెవరిదో చెప్పడం నా వల్ల కాదు. ఇద్దరూ నీళ్ళకి భయపడ్డారు, ఆ కోపం ఒకరి మీద ఒకరు చూపించుకున్నారు.

చింతలరేవు ఇంట్లో అన్నతోపాటు వాళ్ళ అక్క మాణిక్యం ఉంటుంది. అబ్బుల్ని ఎత్తుకుని పెంచిన మనిషి. ఆవిడ చూపు మందగిస్తోందన్న కబురు ఇజ్రాయేలే తెచ్చాడు.

"ఏవండీ అబ్బులుగారూ, మాణిక్యమ్మగారు బస్టాండులో కనబడ్డారండి. కళ్ళాసుపత్రి నించి వత్తన్నారంట. వేసంకాలం దాటితే సూపుండదన్నాడంటండి డాట్రుగారు. మా తమ్ముడి మొకం ఓసారి సూడాలయ్యా అని నా సెయ్యట్టుకున్నారండి."

"ఒట్టేసుకున్నానండి మరి" అన్నాడట అబ్బులు.

"ఒట్టు నేల మీద కదండి ఏసుకున్నారు? నీళ్ళ మాట అందులో లేదు కదండీ!"

కండక్టరు బుర్ర అది. టిక్కెట్టు ఎక్కడిదాకా కొట్టారో అక్కడిదాకే చెల్లుతుందని జీవితమంతా వాదించిన మనిషి. చింతలరేవులో అక్కవాళ్ళ ఇంటి పెరడు కాలవలోకే దిగుతుంది, అక్కడ సొంత రేవు మెట్లు ఉన్నాయి. నావ మెట్ల దగ్గర ఆపుకుని, అందులోనే కూర్చుని ఉంటే, అక్క మెట్లు దిగి వచ్చి చూస్తుంది. కాలు కింద పెట్టక్కర్లేదు, ఒట్టు తప్పక్కర్లేదు. ఇంత తెలివి పెట్టే బదులు బస్సెక్కితే నలభై నిమిషాలు. కానీ పౌరుషం గల మనిషికి దగ్గరి దారి ఎప్పుడూ కనబడదు.

అలా మాఘమాసంలో ఏర్పాట్లు మొదలయ్యాయి. ఇజ్రాయేలు పాత క్యాలెండరు వెనక ప్రయాణం చార్టు గీశాడు. ఉదయం ఆరుకి బయలుదేరుట. ఏడు ఇరవైకి మొదటి వంతెన, రెండు నిమిషాలు ఆగుట. వంతెన కింద ఎక్కేదెవరు, దిగేదెవరు అని అబ్బులు అడగలేదు, ఆయనా చెప్పలేదు. కిరసనాయిలు స్టవ్, చల్లకుండ, రెండు గొడుగులు, ఆవకాయ జాడీ, అమృతాంజనం, అక్కకి ఒక నేత చీర, ఎందుకైనా మంచిదని రెండు లారీ ట్యూబులు. అన్నీ నాలో సర్దేవారు, చూసుకునేవారు, మళ్ళీ దించేవారు. మొదటిసారి ఆవకాయ జాడీ మరిచిపోయామనుకుని ఇల్లంతా వెతికితే అది ఇజ్రాయేలు ఒళ్ళోనే ఉంది.

సాధన కూడా పెరట్లోనే. ఇజ్రాయేలు ముందు కూర్చుని "రైట్, రైట్" అనేవాడు. అబ్బులు వెనక కూర్చుని గాలిలో తెడ్డు వేసేవాడు. కోళ్ళు బెదిరి గోడెక్కేవి. వాళ్ళ లెక్కన రోజూ పొద్దున్నే రెండు కిలోమీటర్లు నడిచేదాన్ని, తాటి దుంగల మీంచి అంగుళం కదలకుండా. నవ్వుకున్నాను గానీ, ఒక సంగతి దాచను. నాలో కూర్చున్నవాళ్ళంతా అవతలి ఒడ్డు వైపు చూసినవాళ్ళే. ఎక్కడికీ వెళ్ళకుండా, నా కోసమే వచ్చి కూర్చున్నవాళ్ళు ఈ ఇద్దరే. పొద్దున్నే వాళ్ళ అడుగుల చప్పుడు కోసం ఎదురుచూసేదాన్ని.

ఫాల్గుణం వెళ్ళేలోగా ఒకరోజు నలుగురు కూలీలను పెట్టి నన్ను కాలవలోకి దింపారు. ఆ చల్లదనం ఒంటికి తగిలిన క్షణం ఎలా ఉందో చెప్పలేను. కానీ నాలుగు నిమిషాల్లో నా పలకల సందుల్లోంచి నీళ్ళు లోపలికి రావడం మొదలుపెట్టాయి. ఇజ్రాయేలు యేసయ్యా అన్నాడు, అబ్బులు ట్యూబు వాటేసుకున్నాడు. మోకాలి లోతులోంచి ఇద్దరూ గట్టెక్కారు. అవతల గేదెలు కడుగుతున్న ముసలాయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఎండిపోయిన నావండీ అది. ఓ వారం నీళ్ళల్లో ముంచేసి ఉంచండి. సెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి."

అబ్బులుకి రోషం వచ్చింది. "ముంచుకోడానికా అండీ కొనుక్కున్నాం?"

ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం. నాకు నోరుంటే బతిమాలేదాన్ని, ముంచండయ్యా, మునిగితేనే తేలతాను అని. ముప్ఫై నాలుగేళ్ళు నీళ్ళు కట్టడమే పనిగా పెట్టుకున్న మనిషి నీళ్ళని లోపలికి రానిస్తాడా? నన్ను మళ్ళీ పెరట్లోకి లాగించాడు. ఎండలో ఆరబెట్టాడు, తారు కాచి పూశాడు, ఆకుపచ్చ రంగు వేయించాడు. ఎండబెట్టిన కొద్దీ నా సందులు ఇంకా విచ్చుకున్నాయి. రంగు ఆరాలన్నాడు, తరవాత తెడ్డు బరువుగా ఉందన్నాడు, తరవాత గాలి ఎదురుగా ఉందన్నాడు. రోజులు గడిచిపోయాయి.

ఒక పొద్దున కాలవ చప్పుడు సన్నబడింది. చైత్రంలో ఏటా మరమ్మతులకని కాలవ కట్టేస్తారు. సాయంత్రానికి చప్పుడే లేదు. ఇజ్రాయేలు రొప్పుతూ వచ్చాడు.

"కాలవ కట్టేశారండీ! తారీకు మీకు తెలీదా? ముప్ఫై నాలుగేళ్ళు ఊరందరికీ సాటింపు ఏయించింది మీరే కదండీ?"

అబ్బులు నా అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"తెలుసండి."

"తెలిసే ఊరుకున్నారా?"

"అక్క రేవు దిగి రాకపోతే? నా మొకం సూడనని తలుపేసుకుంటే? ఈ నావ ఇక్కడున్నన్నాళ్ళూ ఎల్తానన్న మాటైనా మిగిలుంటదని..." అంటూ ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడవడం నేను ఆ ఒక్కసారే విన్నాను. ఇన్నాళ్ళూ నన్ను బాగుచేస్తున్నాడనుకున్నాను. నన్ను అడ్డం పెట్టుకుని భయాన్ని దాచుకుంటున్నాడని అప్పటిదాకా నాకూ తెలియలేదు. కోపం రాలేదు, జాలేసింది.

ఇజ్రాయేలు గోడ దగ్గరికి వెళ్ళి, ఎండుతున్న కాలవలోకి తొంగి చూశాడు. తరవాత గొంతు సవరించుకుని, "కాలవ అడుగు ఎవరిదండీ?" అన్నాడు.

"ఇరిగేషనోళ్ళది."

"ఊరిది కాదు కదా?"

"కాదండి. గట్టు కూడా డిపార్టుమెంటుదే. మెట్ల కాడికొచ్చేసరికి మాత్రం ఊరిది."

"మరింకేవండీ! మీ డిపార్టుమెంటు నేల మీద మీరు నడిస్తే ఎవడండి కాదనేది?"

మూడో రోజుకి అడుగు కాస్త ఆరింది. తెల్లవారుతూనే ఇద్దరూ బయలుదేరారు. ఆవకాయ లేదు, స్టవ్ లేదు. చీర ఉన్న సంచీ, చెరొక గొడుగు, అంతే. తెడ్లు నాలోనే వదిలేశారు. పెరటి గోడ సందులోంచి చూశాను. మోకాళ్ళ దాకా పంచెలు ఎగ్గట్టి, నేను వెళ్ళవలసిన దారిలో, నేను లేకుండా నడిచి వెళ్ళిపోయారు.

ఆ తరవాతి కథ ఇజ్రాయేలు చెప్పగా విన్నదే. నా అంచు మీద కూర్చుని పాలమ్మే సుభద్రకి ఒకసారి, చర్చి పాస్టరుగారికి ఒకసారి, ఎవరూ లేనప్పుడు నాకూ ఒకసారి చెప్పాడు. మధ్యాహ్నం వేళకి చింతలరేవు చేరారు. అబ్బులు మెట్లకి రెండు గజాల ఇవతల, బురదలో ఆగిపోయాడు. ఇజ్రాయేలే కేకేశాడు, "మాణిక్యమ్మగారండీ, మీ తమ్ముడొచ్చారండీ!" పెరటి తలుపు తెరుచుకుంది. ఆవిడ గోడ పట్టుకుని వచ్చి, కాలితో మెట్టు వెతుక్కుంటూ దిగింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో మెట్టు విరిగి ఉంది. అది ఆవిడకి కనబడలేదు. ముందుకి తూలింది. రెండు గజాలు ఎప్పుడు దాటాడో, మెట్ల మీద కాలు ఎప్పుడు పెట్టాడో అబ్బులుకే తెలియదు. ఆవిడ అతని చేతుల్లో ఉంది.

అక్క అతని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, ఎండ పడేలా తిప్పుకుని, చాలాసేపు చూసింది. "గెడ్డం నెరిసిపోయిందేంట్రా" అంది. కిందికి చూసి, "ఆ బురద కాళ్ళేంటి? కడుక్కుని లోపలికి రా, అన్నం తిందువు" అంది. వెనక తలుపు దగ్గర వీరభద్రం నిలబడి ఉన్నాడట. నీళ్ళ చెంబు తెచ్చి, వంగి, తమ్ముడి కాళ్ళ మీద తానే పోశాడు. ఈ చోటికి వచ్చేసరికి ఇజ్రాయేలు మూడుసార్లూ ఆగిపోయాడు.

వేసవి వెళ్ళాక మాణిక్యం చూపు పూర్తిగా పోయింది. అక్కని చెయ్యి పట్టుకుని తిప్పడానికి మనిషి కావాలని అబ్బులు చింతలరేవుకే మారిపోయాడు. సామాను ఆటోలో వెళ్ళింది. వెళ్ళేముందు నన్ను ఒకసారి తడిమాడు, తాళం వేసుకుని వెళ్ళాడు. ఇజ్రాయేలు కొన్నాళ్ళు వచ్చాడు, తరవాత మోకాళ్ళ నొప్పులని మానేశాడు. జ్యేష్ఠంలో కాలవకి నీళ్ళు వదిలినప్పుడు గోడవతల ఆ చప్పుడు వింటాను. నా రంగు పెచ్చులూడింది, సందుల్లో గడ్డి మొలిచింది. ఇక నేను తేలను, అది నాకు తెలుసు.

కాశీకి వెళ్ళేవాళ్ళని, కాన్పుకి వెళ్ళేవాళ్ళని, వేలమందిని దాటించాను. వాళ్ళలో ఒక్క మొహం కూడా గుర్తు లేదు. ఆ ఇద్దరినీ మాత్రం జానెడు నీళ్ళు దాటించలేదు. పొద్దున్నే కోళ్ళు బెదిరితే, వాళ్ళే వచ్చారనుకుంటాను.