మూడో సిలిండర్ చప్పుడు

నేను ఒక పెట్రోల్ ఇంజిన్ని. నాలుగు సిలిండర్లు, పదమూడు వందల సీసీ. ఒంట్లో ఎక్కువ భాగం అల్యూమినియం. కరిగించి అచ్చులో పోసినప్పుడు నొప్పి పుట్టిందా అని ఎవరైనా అడిగితే లేదనే చెబుతాను. నాకు నొప్పి తెలియదు. వేడి తెలుసు, ఆయిల్ తెలుసు, చప్పుడు తెలుసు. మనుషుల గురించి నాకు తెలిసిందంతా ఆ దారుల్లో వచ్చిందే.

ఫ్యాక్టరీలో నన్ను ఒక తెల్ల కారులో బిగించారు. మొదటి యజమాని రిటైరైన బ్యాంకు మేనేజరు. షోరూం ముందు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బానెట్ మీద పసుపు రాయించి, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నలభై దాటకుండా నడిపాడు. నాలుగో గేరు ఉందన్న సంగతి ఆయనకు తెలుసో లేదో నాకిప్పటికీ అనుమానమే. నూట అరవై దాకా అంకెలున్న మీటరును మాత్రం రోజూ బట్టతో తుడిచేవాడు. మనుషులు వేగాన్ని కొనుక్కుని దాచుకుంటారని నాకు అప్పుడే అర్థమైంది.

ఆయన పోయాక కారు చేతులు మారింది. ఒక రోజు ఏలూరు రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా వెనక నుంచి లారీ గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు. కారు వెనక సగం నలిగిపోయింది. ముందున్న నేను మిగిలాను. విజయవాడ ఆటోనగర్‌లో మస్తాన్ వలి అనే పాత ఇంజిన్ల వ్యాపారి నన్ను విప్పించి, తన షెడ్డులో ఒక పాత టైరు మీద కూర్చోబెట్టాడు.

అక్కడికే వచ్చారు అన్నదమ్ములు. ప్రభుదాసు పెద్దవాడు, పటమటలో లేత్ షాపు. ఇమ్మానుయేలు చిన్నవాడు, అదే షాపులో వెల్డింగ్ పని. ఎనభైల నాటి చిన్న కారు బాడీ ఒకటి దొరికితే, దాన్ని రేసు బండిగా కట్టాలని పూనుకున్నారు. ఏటా ఒక పాత ఎయిర్‌స్ట్రిప్ మీద కోన్లు పెట్టి, వాటి మధ్య మలుపులు తిరుగుతూ పోటీ పడతారట. దానికి కావాల్సిన ఇంజిన్ వెతుక్కుంటున్నారు.

ఇమ్మానుయేలు నన్ను చూడనే లేదు. నా పక్కనున్న రెండు లీటర్ల ఇంజిన్ దగ్గర ఆగిపోయాడు.

"అన్నా, ఇదీ ఇంజినంటే."

"బరువు చూశావంట్రా?" అన్నాడు ప్రభుదాసు. "ఆ పిల్లకారు ముందర ఈ దున్నపోతుని కడితే మలుపు తిరగదు. తిన్నగా బందరు కాలవలోకి పోద్ది."

"పోతే పోయింది, ఈదుకుంటా వస్తాడులే," అన్నాడు మస్తాన్.

"వీడికి ఈత రాదు బాబాయ్."

మస్తాన్ నవ్వుతూ నాకు బ్యాటరీ వైర్లు తగిలించాడు. నీళ్ళ సీసాలో పెట్రోలు పోసి మేకుకు వేలాడదీశాడు. నేను ఒక్క తిప్పుకే అందుకున్నాను. ప్రభుదాసు ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను నా ఒంటి మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకున్నాడు. అలా చాలాసేపు విన్నాడు. నా మాట అంత శ్రద్ధగా విన్న మనిషి అంతకు ముందు లేడు.

"ఇదే," అన్నాడు. "ఎవరో తాతగారు నడిపిన బండిది. ఏమీ అరగలేదు."

ఇమ్మానుయేలు వెళ్తూ వెళ్తూ ఆ రెండు లీటర్లదాన్నే వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో నన్ను బండికి బిగించారు. ప్రభుదాసు ఏ భాగం కొన్నా ముందు దాన్ని మిగతావాటి పక్కన పెట్టి చూసేవాడు. కార్బురేటర్ పెద్దదైతే సైలెన్సర్ గొట్టం ఎంత ఉండాలి, ఆ గాలికి ఈ గేర్లు తూగుతాయా. ఇమ్మానుయేలు అడ్డం పడేవాడు, ఇద్దరూ అరుచుకునేవాళ్ళు. ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్ల చొక్కా మార్చకుండానే ప్రభుదాసు నన్ను స్టార్ట్ చేసేవాడు. చొక్కాకు నల్లటి మరక తప్పేది కాదు.

వాల్వుల్ని నొక్కే టాపెట్లను ఆయన ఒక పద్ధతిలో బిగించేవాడు. అన్నీ లెక్క ప్రకారమే, మూడో సిలిండర్‌ది మాత్రం వెంట్రుకవాసి వదులు. అక్కడ వేడి ఎక్కువని, బిగిస్తే వాల్వు కాలిపోతుందని ఆయన నమ్మకం. ఆ వదులు వల్ల నేను నెమ్మదిగా తిరిగేటప్పుడు టక్ టక్‌మని సన్నగా మోగేదాన్ని.

"ఏవండీ, ఆ టకటక ఆపండి," అనేది ఆయన భార్య కరుణ టీ గ్లాసులు తెస్తూ. ఆమె ముందు గదిలో జాకెట్లు కుట్టేది. "నా మిషన్ మోగుతుందో మీ మిషన్ మోగుతుందో తెలీక చస్తున్నా."

"నీ మిషన్‌కి తోడు దొరికిందనుకో."

"నాది నాలుగు రాళ్ళు సంపాదిస్తది. మీది తాగుతది."

బండికి రంగు పడకముందే ప్రభుదాసు పోయాడు. లేత్ ముందు నిలబడి ఉన్నవాడు నిలబడినట్టే కూలిపోయాడట. గుండె అన్నారు. జనం పరిగెత్తుకొచ్చేసరికి లేత్ ఇంకా తిరుగుతూనే ఉందట. ఆ ఆదివారం నన్నెవరూ స్టార్ట్ చెయ్యలేదు. ఆ తర్వాత కూడా. నాలో ఆయిల్ అడుక్కి దిగిపోయింది. ముందు గదిలో కుట్టుమిషన్ చప్పుడు కూడా ఆగింది.

నెలలు గడిచాక కరుణ షెడ్డులోకి వచ్చి నిలబడింది. ఇమ్మానుయేలు ఏదో రేకు రుద్దుతున్నాడు.

"ఆయన పోయి ఏడాదయ్యేనాటి కూడికకి ఇది కదలాలి," అంది. "ప్రార్థన అయ్యాక నేను దీన్లో కూచుని సమాధుల తోటకి పోవాలి. కదలకపోతే మర్నాడే మస్తాన్‌ని పిలిచి ఇచ్చేస్తా. రోజూ దీన్ని చూస్తా ఉండటం నావల్ల కాదు."

"అట్లాగే వదినా," అన్నాడు ఇమ్మానుయేలు. అన్న పోయిన రోజు కూడా అతను అలాంటి ఎత్తూ పల్లం లేని గొంతుతోనే అందరికీ జవాబు చెప్పాడు.

అతను ఏడవలేదు. భాగాలు కొన్నాడు. ఎవరు ఏది గొప్పదంటే అది. వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్ తీసేసి రేసు క్యామ్ తెప్పించాడు. వరసగా నాలుగు బైకు కార్బురేటర్లు పెట్టాడు. నా తిరుగుడును నిలకడగా ఉంచే బరువైన చక్రం, ఫ్లైవీల్‌ని సగం బరువుకి కోయించాడు, లావుపాటి సైలెన్సర్ గొట్టం తగిలించాడు. అన్న కోసం చేస్తున్నప్పుడు తక్కువ రకం ఎలా వేస్తానని తనలో తనే గొణుక్కునేవాడు. ఒక్కొక్కటీ మంచి భాగమే. పెళ్ళికి వచ్చిన వియ్యాలవారు కూడా విడివిడిగా మంచివాళ్ళే. నా లోపల అవి ఒకదాని మాట ఒకటి వినలేదు. క్యామ్‌కి పరుగు కావాలి, గేర్లకి నిదానం కావాలి, కార్బురేటర్లు అడగని పెట్రోలు పోస్తున్నాయి. నాకు అన్నీ ఒకటే. కుదరకపోతే ఆగిపోవడమే నాకు తెలిసిన మర్యాద.

కూడిక దగ్గరపడుతుండగా అతను నన్ను స్టార్ట్ చేసి బండిని గేటు దాకా తెచ్చాడు. గొట్టంలోంచి తుపాకీ పేలినట్టు చప్పుళ్ళు. వీధి కుక్కలు పారిపోయాయి. నేను వణికి, దగ్గి, గేటు మధ్యలో ఆగిపోయాను. అతను మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఆగాను.

కరుణ గుమ్మంలో నిలబడి చూసింది. "ఇది ఆయన కట్టిన బండి కాదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఇమ్మానుయేలు మస్తాన్ దగ్గరికి పోయాడు. ఆ మాటలు నాకు తర్వాత తెలిశాయి. మస్తానే షెడ్డుకు వచ్చి, నా ఎదుటే కరుణకు చెప్పాడు.

"వచ్చి ఆ రెండు లీటర్లది ఇమ్మన్నాడమ్మా. తీసుకుపో, నీకు కాక ఎవరికిస్తా అన్నా. ఒక్క మాట మాత్రం అడిగా. మీ అన్న వద్దన్న ఇంజిన్ని మీ అన్న కూడికకే వేసుకుని పోతావా అని. నా మొహం చూసి, వెనక్కి తిరిగి వచ్చేశాడు."

కొత్త ఇంజిన్ రాలేదు. ఇమ్మానుయేలు నన్ను విప్పడం మొదలుపెట్టాడు. నా పాత క్యామ్ ఆయిల్ గుడ్డలో చుట్టి అటక మీద ఉంది. ప్రభుదాసు ఏరిన కార్బురేటర్ అట్టపెట్టెలో ఉంది. ఫ్లైవీల్ కోసేశాడు కాబట్టి మస్తాన్ దగ్గర అలాంటిదే ఇంకొకటి తెచ్చాడు. ప్రతి భాగాన్నీ మిగతావాటి పక్కన పెట్టి చూశాడు, అన్న చూసినట్టే. ఈసారి అడ్డం పడి అరవడానికి ఎవరూ లేరు. చివరికి టాపెట్లన్నీ సందు కొలిచే గేజ్ పెట్టి, లెక్క ప్రకారం, ఒక్క పిసరు తేడా లేకుండా బిగించాడు.

స్టార్ట్ చేశాడు. నేను నున్నగా తిరిగాను. పుట్టాక అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ తిరగలేదు.

కరుణ టీ గ్లాసుతో వచ్చింది. నా వైపు చెవి పెట్టింది.

"టకటక ఏది?"

"తీసేశా వదినా. నీకు చిరాకని."

"నేనెప్పుడన్నాను?"

"ప్రతి ఆదివారం అనేదానివి కదా."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "అంటానికేం, చాలా అంటాం."

ఇమ్మానుయేలు నన్ను ఆపి, చల్లారనిచ్చి, మూత తీశాడు. మూడో సిలిండర్ టాపెట్ స్క్రూని వెంట్రుకవాసి వదులు చేసి, మళ్ళీ స్టార్ట్ చేశాడు. వినబడిందా అని అడగాల్సిన పని లేకపోయింది. నేను తిరగగానే ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. టీ చల్లారిపోయింది. ఇద్దరి ముఖాల్లోనూ ఏమీ లేదు. నాలాగే.

కూడిక రోజున పాస్టరుగారు ప్రార్థన ముగించాక, రంగు వేయని ఆ బండిలో ఇద్దరూ కూర్చున్నారు. సమాధుల తోటకు వెళ్ళారు, పూలు పెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు బైపాస్ ఖాళీగా ఉంది.

"ఇది పరుగు కోసమే కదా కట్టారు," అంది కరుణ. "ఎంత పోద్దో పోనియ్."

ఇమ్మానుయేలు యాక్సిలరేటర్ తొక్కాడు. నేను నిజంగా పరిగెత్తింది అప్పుడే. క్యామ్, కార్బురేటర్, గేర్లు, అన్నీ ఒక్క మాట మీద ఉన్నాయి. బండి రోడ్డుకు అతుక్కుని దూసుకుపోయింది. ప్రభుదాసు నన్ను ఏరడంలో పొరపాటు పడలేదని ఇమ్మానుయేలు చేతులకు స్టీరింగ్ లోంచి తెలిసింది. గాలి, రొద, వేడి. మీటరు ముల్లు పైకి పోతూనే ఉంది.

"తగ్గించు," అంది కరుణ.

"భయమేసిందా వదినా?"

"కాదు. వినపడట్లేదు."

అతను కాలు తీశాడు. రొద తగ్గింది, గాలి తగ్గింది. ముల్లు నలభై దగ్గరికి వచ్చేసరికి మూడో సిలిండర్ మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. ఆమె సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. లారీలు హారన్లు కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయాయి.

ఆ ఏడు పోటీకి ఇమ్మానుయేలు పేరు ఇవ్వలేదు. ఆ తర్వాతా ఇవ్వలేదు. ఇప్పుడు ఆదివారం చర్చి అయ్యాక నన్ను బయటికి తీస్తారు. ఒక రౌండు వేసి తెస్తారు. మీటరును కరుణ చీర కొంగుతో తుడుస్తుంది. నాలుగో గేరు పడి చాలా కాలమైంది.